కంబోడియా: గుడి ఎవరిది, టికెట్టు ఎవరిది

అంగ్‌కోర్ ఆలయాలకు ఆనుకుని ఉన్న ఊరు సియం రీప్‌కు విమానంలో వెళ్లేవాళ్లు మొదట గుర్తుంచుకోవలసిన సంగతి, విమానాశ్రయం ఇప్పుడు ఊళ్లో లేదు. ఊరి అంచునే ఉండే పాతదాన్ని 2023 అక్టోబరులో మూసేసి, తూర్పున నలభై కిలోమీటర్లకు పైగా అవతల పొలాల మధ్య కొత్తది తెరిచారు. విమానాల అదురుకు పురాతన ఆలయాలు దెబ్బతింటాయన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. కట్టింది చైనా సంస్థ. 55 ఏళ్ల పాటు నడుపుకుని పెట్టుబడి రాబట్టుకునే హక్కూ దానిదే. భవనం బాగుందనే చెప్పాలి: కంబోడియా వాళ్ల పాత ఖ్మేర్ ఆలయాల తీరున పైకప్పు, మొహం కనిపించేంత నునుపైన నేల, శుభ్రమైన మరుగుదొడ్లు. మేము దిగిన వేళకు మా విమానంలో వచ్చినవాళ్లు తప్ప అంత పెద్ద హాల్లో ఇంకెవరూ లేరు. బయటికి వస్తే కారుకు ముప్పై డాలర్ల పైన అడుగుతారు. బస్సు చౌకే కానీ మన విమానానికి సరిపడే వేళలో ఉంటుందన్న నమ్మకం లేదు. బస చేసే చోటివాళ్లనే ముందుగా కారు పంపమని అడగడం మేలు. మేము అదే చేశాం, కాస్త తక్కువలో తేలింది.

ఇది కట్టింది ఎవరు, నడిపేది ఎవరు అన్న ప్రశ్న అక్కడితో మొదలై ఆ దేశంలో తిరిగినన్నాళ్లూ నన్ను వదల్లేదు. 2025 ఫిబ్రవరిలో మా వారు, నేను, మా అక్క కొడుకు కలిసి వెళ్లాం. అది మంచి కాలం: వానలు ఉండవు, ఎండ ఇంకా ముదరదు. అసలు ఇబ్బంది మన దగ్గరే ఎదురైంది. మా ఇద్దరి పాస్‌పోర్టుల మీద చకచకా ముద్ర కొట్టేసిన ఇమిగ్రేషన్ అధికారి, ఇరవై నాలుగేళ్ల మా వాడిని మాత్రం పక్కకు నిలబెట్టాడు. ఎందుకు వెళ్తున్నావు, ఉద్యోగం ఎవరైనా చూపించారా, తిరుగు టికెట్టు ఉందా, హోటల్ కాగితాలేవి, వీళ్లు నీకు ఏమవుతారు? వాడికి చిరాకు వచ్చింది కానీ నాకు రాలేదు. ఎందుకో సముద్రతీరపు ఊరు సిహనూక్‌విల్ సంగతి వచ్చినప్పుడు చెబుతాను.

వీసా అక్కడ దిగాక కూడా ఇస్తారు, పర్యాటకులకు 30 డాలర్లు. రాక వివరాలు ఆన్‌లైన్‌లో ముందే నింపుకోవాలి. నడిచేది ఎక్కువగా అమెరికా డాలరే. చిల్లర మాత్రం రియల్‌లలో వస్తుంది, డాలరుకు నాలుగు వేలు అనుకుంటే లెక్క సులువు. నోటు మూల కాస్త చిరిగినా, మీద గీత ఉన్నా తీసుకోరు. మన బ్యాంకులో డాలర్లు తీసుకునేటప్పుడే ఒక్కొక్క నోటూ వెలుగులో పెట్టి చూసుకోండి. సొంత కరెన్సీని వాడుకలోకి తేవాలని అక్కడి కేంద్ర బ్యాంకు 2020 నుంచి బకాంగ్ అనే చెల్లింపుల వ్యవస్థను నడుపుతోంది. దాని సాంకేతికత ఒక జపాన్ కంపెనీది. ఇప్పుడు కొబ్బరి బొండాల బండి మీదా క్యూఆర్ కోడ్ ఉంటుంది.

అంగ్‌కోర్ టికెట్టు ఒక రోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62, వారానికి 72. మూడు రోజులది కొనండి. ఒక్క రోజులో చూసేవాళ్లు సూర్యోదయం ఫొటో, చెట్టు వేళ్ల ఫొటో, బయోన్ గుడి రాతి ముఖాల ఫొటో తీసుకుని మండుటెండకు తలనొప్పితో తిరిగి వస్తారు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు టికెట్టు లేదు, కానీ పాస్‌పోర్టు చూపాలి. ఒక్కో టికెట్టులో 2 డాలర్లు కాంథా బోఫా పిల్లల ఆసుపత్రులకు వెళ్తాయి. స్విట్జర్లాండ్ వైద్యుడు బీట్ రిచ్నర్ 1990లలో మళ్లీ నిలబెట్టిన ఆ ఆసుపత్రుల్లో ఇప్పటికీ పిల్లలకు వైద్యం ఉచితం. టికెట్టు డబ్బులో నాకు నిస్సంకోచంగా నచ్చిన భాగం అదొక్కటే. 2016 వరకు ఈ టికెట్ల అమ్మకం ఒక ప్రైవేటు పెట్రోలు కంపెనీ చేతిలో ఉండేది, ఆ తర్వాతే ప్రభుత్వ సంస్థకు మారింది.

ఆలయాల వర్ణన చాలామంది రాశారు కాబట్టి నేను అందరూ దాటిపోయే బోర్డుల గురించి చెబుతాను. ప్రతి ఆలయం ముందూ పునరుద్ధరణ చేసిన దేశం జెండాతో ఒక బోర్డు ఉంటుంది. వరసగా చదువుకుంటూ పోతే అది ఆ దేశపు విదేశాంగ చరిత్రే. బాపువాన్‌ను ఫ్రెంచివాళ్లు రాయి రాయికీ నంబరు వేసి విప్పారు. పోల్ పాట్ నడిపిన కమ్యూనిస్టు దళం ఖ్మేర్ రూజ్ కాలంలో ఆ నంబర్ల కాగితాలు నాశనమయ్యాయి. మిగిలిన మూడు లక్షల రాళ్లను మళ్లీ పేర్చి 2011లో తెరిచారు. బయోన్ జపాన్‌ది. చౌ సే తెవోడా, తా కెయో చైనావి. అంగ్‌కోర్ వాట్ అప్సరసల శిల్పాల సంరక్షణ జర్మన్లది. బఖెంగ్ కొండ మీద అమెరికా డబ్బు. 1993 నుంచి ఈ పనులన్నిటినీ సమన్వయం చేసే అంతర్జాతీయ కమిటీకి ఫ్రాన్సు, జపాన్ సహాధ్యక్షులు.

మన బోర్డు తా ప్రోమ్ దగ్గర ఉంది, చెట్టు వేళ్లు గోడలను చుట్టుకుని ఉండే ఆలయం అదే. భారత పురావస్తు శాఖ 2000ల నుంచి అక్కడ పని చేస్తోంది. నాట్యమండపాన్ని నిలబెట్టాక 2022 నవంబరులో మన ఉపరాష్ట్రపతి వచ్చి ప్రారంభించారు. మావాళ్లు త్రివర్ణం పక్కన ఫొటో దిగారు. అయితే మన కథ అంతకంటే పాతది. 1979 జనవరిలో వియత్నాం సైన్యం పోల్ పాట్‌ను తరిమి కొత్త ప్రభుత్వాన్ని కూర్చోబెడితే, పాశ్చాత్య దేశాలు ఐక్యరాజ్యసమితిలో ఖ్మేర్ రూజ్ పక్షానికే కుర్చీ ఉంచాయి. 1980లో ఆ కొత్త ప్రభుత్వాన్ని గుర్తించిన కొద్ది దేశాల్లో భారత్ ఒకటి. ఆ స్నేహంతోనే 1986 నుంచి 1993 దాకా, చుట్టూ ఇంకా తుపాకులు మోగుతుండగా, మన పురావస్తు శాఖ అంగ్‌కోర్ వాట్‌లో పని చేసింది. రసాయనాలతో నాచు కడిగి రాతి పైపొర పాడుచేశారన్న విమర్శ కూడా మనవాళ్ల మీదే ఉంది. మా గైడు ఈ రెండో సంగతి చాలా మర్యాదగా, నవ్వుతూ చెప్పాడు.

గైడును తప్పక పెట్టుకోండి. లైసెన్సు ఉన్నవాళ్లకు యూనిఫాం చొక్కా ఉంటుంది, ఇంగ్లిషు గైడుకు రోజుకు నలభై డాలర్ల చుట్టూ అవుతుంది. మనకు మాత్రం అంగ్‌కోర్ వాట్ పశ్చిమ వరండాలో గైడు అక్కర్లేదు. కురుక్షేత్రం, అంపశయ్య మీద భీష్ముడు, లంకా యుద్ధంలో ఇరవై చేతుల రావణుడు ఎదురుగా ఉంటారు. మా వారు భీష్ముడిని గుర్తుపట్టి పక్కనున్న ఆస్ట్రేలియా దంపతులకు భారతం మొదలుపెట్టారు. ఉద్యోగ పర్వం దాటనిచ్చాను. తూర్పు వరండాలో క్షీరసాగర మథనం దాదాపు 49 మీటర్ల పొడవున ఒకే శిల్పం. అక్కడ ఉదయం ఎనిమిదికి ముందు నిలబడాలి, వెలుగు అప్పుడే దాని మీద పడుతుంది. సూర్యోదయం చూసి జనమంతా టిఫిన్లకు హోటళ్లకు పరుగెత్తే ఆ గంట లోపల తిరగడానికి అతి మంచి సమయం.

మూడో రోజు బాంతే స్రే. 967లో ప్రతిష్ఠించిన గులాబీ రంగు ఇసుకరాయి గుడి, చేతి గోరంత పూలు చెక్కిన ద్వారాలు. 1923లో ఒక ఫ్రెంచి యువకుడు ఇక్కడి దేవతా శిల్పాలను రంపంతో కోయించి బండి మీద తరలించి రాజధాని ఫ్నోమ్ పెన్‌లో పట్టుబడ్డాడు. ఆ ఆంద్రే మాల్రో తర్వాత కాలంలో ఫ్రాన్సుకు సాంస్కృతిక మంత్రి అయ్యాడు. ఈ సంగతి బోర్డు మీద లేదు.

బాంతే స్రే నుంచి తిరిగి వచ్చేటప్పుడు దారి పక్కన కొబ్బరి బొండాల దగ్గర ఆగాం. బొండాలు కొట్టే ఆమెకు అరవై దగ్గర ఉంటాయి. ఎక్కడుంటారని మా గైడు ద్వారా అడిగాను. రున్ తా ఎక్ అంది. వెళ్లేముందు చదివి ఉన్నాను కాబట్టి ఆ పేరు నాకు తెలుసు. యునెస్కో గుర్తింపు పోకుండా కాపాడుకోవాలన్న పేరుతో 2022 నుంచి అంగ్‌కోర్ పరిధిలో ఉన్న దాదాపు పది వేల కుటుంబాలను తరలిస్తూ వచ్చారు, వాళ్లను పంపిన చోట్లలో అది ఒకటి. ఇష్టపడే వెళ్లారని ప్రభుత్వం అంటుంది. బలవంతం చేశారని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2023లో వివరంగా రాసింది. కొత్త ఇల్లు ఎలా ఉందని అడిగితే ఆమె కత్తి బల్ల మీద పెట్టి, రోడ్డు పక్కన అడుగులు వేసి చూపించింది: ఇటు ఇరవై, అటు ముప్పై. మీటర్ల లెక్కన ఇచ్చిన స్థలం అది, రేకులు మాత్రం ఇచ్చారు, ఇల్లు ఎవరిది వాళ్లే కట్టుకోవాలి. ఆ తర్వాత ఇంకా చాలా మాట్లాడింది, చేతులు తిప్పుతూ, ఒకసారి గుడి వైపు చూపిస్తూ. గైడు అంతా విని, "రోజూ మోటారు సైకిల్ మీద వచ్చి వెళ్లడం దూరం అంటోంది" అన్నాడు. అంతే. నేను ఇంకేమన్నా అన్నదా అని అడగలేదు. అతను రేపు కూడా ఆ లైసెన్సు చొక్కా వేసుకోవాలి.

సియం రీప్‌లో బస గురించి. పబ్ స్ట్రీట్ చుట్టూ దిగకండి, రాత్రి రెండు దాకా డప్పులు. నదికి ఇవతల వాట్ బో వైపు కుటుంబాలు నడిపే అతిథిగృహాలు చాలా ఉన్నాయి. మేము ఉన్నదానికి ఏసీ గది, పొద్దుటి టిఫినుతో కలిపి పాతిక డాలర్ల లోపే అయింది. పరుపు గట్టిదే, వేడినీళ్లు వచ్చాయి, నీళ్లు మాత్రం సన్నధార. యజమానురాలు, ఆమె తల్లి, ఇద్దరు పిల్లలు పై అంతస్తులో ఉంటారు. మాంసం, చేపలు లేని భోజనం అడిగితే తల్లిగారు గుమ్మడి, చిక్కుడు కొబ్బరిపాలలో వండి పెట్టింది. బయట హోటళ్లలో మాత్రం జాగ్రత్త. "ఒట్ సాచ్, ఒట్ త్రై" అంటే మాంసం, చేప వద్దని అర్థమవుతుంది, కానీ చేపల సాస్ వాళ్ల దృష్టిలో చేప కాదు. ఊళ్లో భారతీయ హోటళ్లు అరడజను పైనే ఉన్నాయి. దోసె దొరుకుతుంది. ఆ దోసె కోసం అంత దూరం వెళ్లనక్కర్లేదు.

ఊరు కాస్త వెలవెలబోతోందని అందరూ చెప్పే మాట నిజమే. 2019లో 22 లక్షల మంది విదేశీయులు అంగ్‌కోర్ టికెట్టు కొంటే, 2024లో పది లక్షల పైచిలుకే. చిత్రమేమిటంటే, దేశం మొత్తానికి వచ్చిన విదేశీయుల సంఖ్య 2024లో 67 లక్షలు దాటి 2019 నాటి లెక్కను మించింది. ప్రభుత్వం ఆ అంకెనే చాటుకుంటుంది. కానీ పొరుగు దేశాల నుంచి రోడ్డు మీద సరిహద్దు దాటినవాళ్లూ అందులో ఉంటారు. వాళ్లలో అందరూ గుళ్లు చూడటానికి రారు, జూదశాలలు చాలావరకు సరిహద్దుల్లోనే ఉన్నాయి. కంబోడియా పౌరులు జూదమాడటం చట్టరీత్యా నిషేధం, కాబట్టి ఆ భవనాలన్నీ పరాయివాళ్ల కోసమే.

ఫ్నోమ్ పెన్‌కు బస్సు ఆరు గంటలు. రోడ్డు బాగుంది, బస్సులో నీళ్ల సీసా, బన్ను ఇచ్చారు, చెప్పిన వేళకు చేర్చారు. దారి పొడవునా ప్రతి ఊరి మొదట్లో పాలక కంబోడియన్ పీపుల్స్ పార్టీ నీలం బోర్డు ఉంటుంది. ఒక ఊరి బోర్డు కనుమరుగవక ముందే ఇంకొకటి వస్తుంది. వేరే పార్టీల బోర్డులు వెతికితే ఒకటి అరా, రంగు వెలిసి కనిపించాయి. హున్ సేన్ 1985 జనవరిలో, ముప్పై రెండేళ్ల వయసులో ప్రధాని అయ్యారు. 2017 నవంబరులో సుప్రీంకోర్టు ప్రధాన ప్రతిపక్షాన్ని రద్దు చేస్తే మరుసటి ఏడు పార్లమెంటులోని 125 స్థానాలూ ఆయన పార్టీవే. 2023లో 120. ఆ ఎన్నికల తర్వాత కుర్చీని కొడుకు హున్ మనెత్‌కు అప్పగించి, తాను సెనేట్ అధ్యక్షుడయ్యారు. పర్యాటకులకు ఇవన్నీ ఎందుకంటారా? 2018 నుంచి రాజును అవమానించడం అక్కడ జైలు నేరం. నదీ తీరంలో కూర్చుని ఫేస్‌బుక్‌లో ఆవేశంగా రాయాలనిపిస్తే ఇంటికి వచ్చాక రాసుకోండి.

రాజధానిలో వీధుల పేర్లు చూస్తూ తిరగడం నాకు మహా సరదాగా అనిపించింది. మావో పేరిట ఒక పెద్ద రోడ్డు, చార్లెస్ డి గాల్ పేరిట ఒకటి, రష్యా పేరిట ఒకటి, మన జవహర్‌లాల్ నెహ్రూ పేరిట ఒకటి. ఇప్పుడు పటంలోనే లేని చెకోస్లొవేకియా, యుగోస్లావియాలకూ వీధులున్నాయి. 2024లో ఊరి చుట్టూ తిరిగే కొత్త వలయ రహదారికి షీ జిన్‌పింగ్ పేరు పెట్టారు. ఆ రోడ్డుకు అప్పు ఇచ్చింది ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. ఇక ఆ వీధుల్లో తిరిగేవి చాలావరకు మన బజాజ్ ఆటోలే! వెనక ఎక్కి కూర్చున్నాక మీటరు గొడవ లేదు, ఫోనులో పిలిస్తే ధర ముందే తెలుస్తుంది, ఊళ్లో ఎక్కడికైనా ఒకటి రెండు డాలర్లు. విజయవాడ ఆటోవాళ్లతో బేరమాడి రాటుదేలిన మా వారికి చేతినిండా పని లేకపోయింది.

బస టూల్ టామ్‌పూంగ్ సంత వైపు తీసుకుంటే నయం. నదీ తీరపు హోటళ్లకు కిటికీలోంచి నది తప్ప మరో సుగుణం లేదు. మేము మొదట దిగిన దాంట్లో గోడ అవతల పాటల కచేరీ. మర్నాడే మారాం, కట్టిన డబ్బు తిరిగి రాలేదు.

జాతీయ మ్యూజియం తప్పక చూడండి. 1920లో ఫ్రెంచివాళ్ల హయాంలో తెరిచినది. దొంగల చేతుల మీదుగా విదేశాలకు పోయిన ఖ్మేర్ విగ్రహాలు కొన్నేళ్లుగా తిరిగి వస్తున్నాయి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వెనక్కిచ్చిన పద్నాలుగు శిల్పాలు 2024లో చేరాయి.

టూల్ స్లెంగ్ గురించి ఎక్కువ రాయలేను. ఖ్మేర్ రూజ్ వాళ్లు బడిని జైలుగా మార్చిన చోటు. పన్నెండు వేల మందికి పైగా లోపలికి వెళ్లారు, బతికి బయటపడ్డవాళ్లు వేళ్ల మీద లెక్కించేంత మంది. ఆడియో పరికరం తీసుకుని ఒంటరిగా తిరగాలి, గుంపుగా కాదు. ఊరి బయట చోయెంగ్ ఎక్ చంపుడు పొలాలకు అదే పూట కాకుండా మర్నాడు వెళ్లండి. పుర్రెల స్తూపం ఉన్న ఆ స్థలాన్ని నడిపే హక్కును 2005లో నగరపాలక సంస్థ ఒక జపాన్ కంపెనీకి ముప్పై ఏళ్లకు ఇచ్చింది. నిర్వహణ చక్కగా ఉంది. ఆడియోలో బతికినవాళ్ల గొంతులున్నాయి, ఎక్కడా అతి చేయలేదు. అయినా కౌంటరు దగ్గర చిల్లర తీసుకుంటుంటే ఒళ్లు ఒకలా అయింది.

నేను గమనించినది ఒకటి. ఖ్మేర్ రూజ్ ఏలిన ఆ నాలుగేళ్ల గురించి, 1975 ఏప్రిల్ నుంచి 1979 జనవరి వరకు, ఎవరినడిగినా చెబుతారు. ఆటో డ్రైవరు పెదనాన్నను ఎలా తీసుకెళ్లారో చెప్పాడు. అతిథిగృహం తల్లిగారు తిన్న గంజి గురించి చెప్పింది. ఆ తర్వాతి సంగతులకు వస్తే మాట వాతావరణం మీదికి మళ్లుతుంది. 2016 జులైలో కెమ్ లే అనే రాజకీయ వ్యాఖ్యాతను రాజధానిలోనే పెట్రోలు బంకు కాఫీ దుకాణంలో కాల్చి చంపారు. మేము ఆ దారినే వెళ్తున్నామని మ్యాపులో చూసి మా వాడు డ్రైవరును అడిగాడు. అతను అద్దంలో మమ్మల్ని ఒకసారి చూసి, ఎండ ఎక్కువగా ఉంది కదా అన్నాడు. అడగవద్దని రాత్రి మా వాడికి గట్టిగా చెప్పాను. మనం వారంలో వెళ్లిపోతాం.

కాంపోట్ నాకు అన్నిటికన్నా నచ్చిన ఊరు, కాబట్టి దాని గురించి తక్కువే రాస్తాను, ఉన్న ప్రశాంతత ఉండనివ్వండి. రైలు ఉంది, నెమ్మది. నది ఒడ్డున చెక్క కుటీరాలు, సాయంత్రం పెచ్చులూడిన ఫ్రెంచి మేడల మధ్య నడక. మిరియాల తోట చూడండి. కాంపోట్ మిరియాలకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పచ్చి మిరియాల గుత్తిని అలాగే నూనెలో వేయించి పెడతారు, అన్నంలో కలుపుకుంటే మనకు పరాయి తిండి అనిపించదు. దగ్గరి బోకోర్ కొండకు మాత్రం మేఘాలున్న రోజే వెళ్లండి. 1925 నాటి ఫ్రెంచి హోటల్ మళ్లీ తళతళలాడుతోంది. కొండను 99 ఏళ్లకు కౌలుకిచ్చారు, జాతీయ వనం మధ్యలో సగం కట్టిన విల్లాలు వరసలు తీరి ఉన్నాయి.

ఇక సిహనూక్‌విల్. అక్కడ ఆగవలసిన అవసరం సాధారణ యాత్రికుడికి లేదు. ఫ్నోమ్ పెన్ నుంచి చైనా కట్టిన 187 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్ రహదారి మీద రెండు గంటల్లో వచ్చి, పడవ ఎక్కి కో రోంగ్ దీవులకు వెళ్లిపోవచ్చు. మేము ఒక రాత్రి ఆగాం. బంగారు సింహాల కూడలి నుంచి సముద్రం దాకా నడిస్తే బోర్డులన్నీ చైనీస్‌లో పెద్దగా, ఖ్మేర్‌లో చిన్నగా. వాటి మధ్య గోడలు లేని కాంక్రీటు అస్థిపంజరాలు, ఇనుప చువ్వలు తుప్పు పట్టి. ఆన్‌లైన్ జూదం మీద బలిసిన ఊరిది. 2019 జూన్‌లో కడుతున్న ఏడంతస్తుల భవనం కూలి, అందులోనే పడుకున్న కూలీలు 28 మంది చనిపోయారు. ఆ ఆగస్టులో హున్ సేన్ ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించారు, వెంటనే కోవిడ్. పెట్టుబడిదారులు వదిలేసి పోయిన భవనాలు వెయ్యికి పైగా మిగిలాయి. 2019లో కంబోడియాకు 23 లక్షల మంది చైనీయులు వచ్చారు. 2024లో అందులో సగం కూడా లేరు.

కొన్ని భవనాలు మాత్రం ఖాళీ కావు. ఎత్తైన ప్రహరీ, పైన ముళ్ల తీగ. కిటికీలకు బయటి నుంచి కడ్డీలు, నాలుగో అంతస్తుకు కూడా. దొంగలు నాలుగో అంతస్తుకు ఎగబాకరు కదా అని మా వాడు అన్నాడు. ఆ కడ్డీలు లోపలివాళ్ల కోసం. ఫోన్లలో మనల్ని మోసగించే ముఠాలు పనివాళ్లను బంధించి ఉంచేది ఇలాంటి చోట్లే. కంబోడియాలో కనీసం లక్ష మందిని ఇలా బలవంతంగా పని చేయిస్తున్నారని ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం 2023లో అంచనా వేసింది. అందులో మనవాళ్లున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి ఒక్కొక్కరి దగ్గర లక్షన్నర దాకా తీసుకుని పంపిన ఏజెంట్లను 2024 మేలో విశాఖ పోలీసులు పట్టుకున్నారు. అదే నెలలో సిహనూక్‌విల్ నుంచి అరవై మంది భారతీయులను మన రాయబార కార్యాలయం వెనక్కి పంపింది. సిరిసిల్ల జిల్లా కుర్రాడొకరు అంతకుముందే ఇలా బయటపడ్డాడు. ఈ కేంద్రాల గురించి ఏళ్ల తరబడి రాసిన కంబోడియా జర్నలిస్టు మెక్ దారాను 2024 సెప్టెంబరు చివర అరెస్టు చేసి, మరుసటి నెల బెయిలు మీద వదిలారు. హైదరాబాదులో మా వాడిని నిలబెట్టిన అధికారి మీద నాకు చిరాకు రాకపోవడానికి కారణం ఇది.

ఆ రాత్రి హోటల్ గురించి: లాబీలో పాలరాయి, మెట్ల దగ్గర సిమెంటు బస్తాలు. ఇచ్చిన గదిలో వేడినీళ్లు లేవు, మార్చిన గదిలో కిటికీ లేదు. పొద్దుటి టిఫినులో మేము తినగలిగింది గంజి, అరటిపండ్లు. కట్టినది మాత్రం మా యాత్ర మొత్తంలోకీ ఎక్కువ ధర.

కో రోంగ్ సముద్రం నిజంగానే తేటగా ఉంటుంది. రాత్రి ఒడ్డున నీళ్లు కదిలిస్తే మెరుపులు లేస్తాయి, అందుకోసమైనా ఒక రాత్రి ఉండాలి. ఆ దీవి కూడా 99 ఏళ్ల కౌలులో ఉంది, ఈసారి స్వదేశీ వ్యాపార సంస్థకు. చిన్న బంగ్లాలు నడిపేవాళ్లు వచ్చే ఏడు ఇక్కడే ఉంటారో లేదో వాళ్లకే తెలియదు. మాకు గది ఇచ్చిన దంపతులు ఇనుప మంచం కూడా కొనలేదు, ఎత్తుకుపోవడం కష్టమని.

మేము వచ్చాక చాలా మారింది. 2025 జులైలో థాయిలాండ్‌తో సరిహద్దు యుద్ధం జరిగింది, డిసెంబరులో మళ్లీ. కాబట్టి బ్యాంకాక్ నుంచి సరిహద్దు ఊరు పోయిపెట్ మీదుగా బస్సులో వెళ్లే పాత చౌక మార్గాన్ని నమ్ముకోవద్దు, విమానమే మార్గం. ఫ్నోమ్ పెన్‌కు కూడా ఊరికి దక్షిణంగా కొత్త విమానాశ్రయం 2025 సెప్టెంబరులో తెరిచారు, కాబట్టి నేను వాడిన పాత దాని వివరాలు ఇక పనికిరావు. అక్టోబరులో అమెరికా ప్రభుత్వం కంబోడియాలోని వ్యాపార సంస్థ ప్రిన్స్ గ్రూపు అధినేత చెన్ జీ మీద మోసాల కేంద్రాలు నడిపారన్న అభియోగాలు మోపి, దాదాపు 1,500 కోట్ల డాలర్ల విలువైన బిట్‌కాయిన్‌ను స్వాధీనం చేసుకుంది. ఆయన తండ్రీకొడుకులైన ఇద్దరు ప్రధానులకూ సలహాదారుగా ఉన్నవారు.

అసలు వెళ్లవచ్చా అని మా అక్క అడిగింది. వెళ్లవచ్చు అన్నాను. టికెట్టు, వీసా, విమానాశ్రయం రుసుము ఎవరికి చేరాలో వాళ్లకే చేరతాయి, అందులో మనం చేయగలిగింది లేదు. మిగిలిన డబ్బు మన చేతిలో ఉంటుంది. గది ఇంటివాళ్ల దగ్గర తీసుకుని, గైడుకు, ఆటోకు నేరుగా ఇచ్చి, కొబ్బరి బొండం రోడ్డు పక్కన తాగితే ఖర్చులో సగం పైన మనం చూసిన మనిషి చేతికే వెళ్లింది, మా వారు రాసిన పద్దుల ప్రకారం. ప్యాకేజీ టూరులో వెళ్తే మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. సియం రీప్‌లో నాలుగు రోజులు, ఫ్నోమ్ పెన్‌లో రెండు, కాంపోట్‌లో మూడు పెట్టుకోండి. దీవికి వెళ్లాలనుకుంటే సిహనూక్‌విల్‌లో రాత్రి ఆగకుండా మధ్యాహ్నం పడవకు అందేట్టు బయలుదేరండి. ఇంట్లో ఇరవైల్లో ఉన్న కుర్రాడు వెంట వస్తుంటే వాడి తిరుగు టికెట్టు, హోటల్ కాగితాలు అచ్చు తీయించి పాస్‌పోర్టులోనే పెట్టండి.